పట్టు తీయు చోట కాలు జారకుండుటకు

2007లో కోలారు నుండి వేరుపడి ఏర్పడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో పట్టు పరిశ్రమ అనేక కుటుంబములకు జీవనాధారము. చింతామణి, బాగేపల్లి పల్లెలలో మల్బరీ సాగు కలదు. శిడ్లఘట్టలో పేరుగాంచిన పట్టుగూళ్ల మార్కెట్టు కలదు.

గూళ్లను వేడినీటిలో ఉడికించినపుడు దారమును అంటియున్న సెరిసిన్ అను జిగురు కరుగును. ఆ నీరు చిందినచో, పురుగుల నూనెతో కలిసి నేలపై జారుడు పొరగా నిలుచును. మరుగు తొట్టి ప్రక్కన జారినవారు ఎముక విరుగుటతో బయటపడరు. ఆసరాకై చాచిన చేయి తొట్టిలో పడవచ్చును, తిరుగు చరకాకు తగులవచ్చును.

నివారణ కష్టము కాదు. నేలను కాలువ వైపు వాలుగా, గరుకు బండలతో వేయవలెను. ఉత్త నీటితో జిడ్డు వదలదు గనుక, పని ముగియగానే చాకలిసోడా కలిపిన వేడినీటితో రుద్ది కడుగవలెను. నడకదారిలో కట్టెలు, బుట్టలు, తీగలు ఉండరాదు. రబ్బరు అడుగు చెప్పులు, చాలినంత వెలుతురు అవసరము. పిల్లలను తొట్టి దరికి రానీయరాదు.

జారుడు పదార్థములు నేలపై ఉండరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 32వ సెక్షనులో ఆదేశించినది. కాని ఇంటి కొట్టములోని చిన్న చరకాలు దాని పరిధిలోనికి రాలేదు. అక్కడ జాగ్రత్త ఇంటివారిదే.