పాత స్వెటర్ విప్పి కొత్తది అల్లాలా? ముందు కుట్టు చూడండి

చలికాలంలో పెట్టె తెరిస్తే అమ్మీయో, నానీయో చేత్తో అల్లిన పాత స్వెటర్ ఒకటి బయటపడుతుంది. మోచేతి దగ్గర చిరిగి ఉంటుంది, లేదా పిల్లాడికి పొట్టి అయిపోయి ఉంటుంది. పడేయడం ఇస్రాఫ్, అంటే దుబారా. అందులో ఊలు చాలావరకు బాగానే ఉంటుంది. దాన్ని విప్పి మళ్లీ అల్లుకోవచ్చు. ఉర్దూలో ఈ విప్పడాన్నే ‘ఉధేడ్నా’ అంటారు.

ఇది పేదరికానికి గుర్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం వేళా, ఆ తర్వాత కూడా బ్రిటన్‌లో 1941 నుంచి 1949 వరకు బట్టలకు రేషన్ ఉండేది. కొత్త ఊలుకూ కూపన్లు కావాలి. అందుకే ఆడవాళ్లు పాత స్వెటర్లు విప్పి పిల్లలకు అల్లేవారు.

అసలు ఇదెలా కుదురుతుంది? నేసిన బట్టలో పడుగు, పేక అని రెండు రకాల దారాలుంటాయి. అల్లికలో అలా కాదు. ఒకే పోగు ఉచ్చులోంచి ఉచ్చుగా వెళ్తుంది. చివరి ముడి విప్పి లాగితే వరుస తర్వాత వరుస వచ్చేస్తుంది.

అయితే కత్తెర పట్టే ముందు స్వెటర్‌ను తిరగేసి పక్క కుట్టు చూడాలి. కుట్టుకు రెండు వైపులా గొలుసులాంటి నిండు అంచు కనిపిస్తే పర్వాలేదు. అంచు కత్తిరించి ఓవర్‌లాక్ చేసి ఉంటే మాత్రం వదిలేయాలి. అందులో ప్రతి వరుసా తెగిపోయి ఉంటుంది, విప్పితే ముక్కలే మిగులుతాయి. బజారులో దొరికే మెషిన్ స్వెటర్లలో ఇలాంటివి ఎక్కువ. వేడినీళ్లలో ఉతికి బిగుసుకుపోయిన ఉన్ని కూడా విడిపోదు.

కుట్టు బాగుంటే ముందుగా దాన్ని విప్పి ముందు భాగం, వెనక భాగం, చేతులు వేరు చేయాలి. సాధారణంగా స్వెటర్‌ను కింది నుంచి పైకి అల్లుతారు. కాబట్టి మెడ వైపు నుంచి విప్పాలి. కింది నుంచి లాగితే చిక్కు పడుతుంది. విప్పిన పోగును కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి చిలపలా తీయాలి. అప్పుడది నూడుల్స్‌లా మెలికలు తిరిగి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా షాంపూ వేసి నానబెట్టి, పిండకుండా టవల్‌లో చుట్టి నొక్కి, నీడలో వేలాడదీస్తే చాలావరకు సాగుతుంది. ఆరాకే ఉండ చుట్టాలి.

ఏ రకం ఊలో తెలియకపోతే చిన్న ముక్క కాల్చి చూడొచ్చు. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మారుతుంది.

అరిగిన చోట పోగు తెగుతుంది, కొంత ఊలు పోతుంది. కాబట్టి పెద్దవాళ్ల స్వెటర్ నుంచి మళ్లీ అదే సైజు వస్తుందని లెక్క వేయకూడదు. పిల్లల స్వెటరో, టోపీయో, మఫ్లరో ఎంచుకోవడం మంచిది. పోగు సన్నబడి ఉంటే రెండు కలిపి అల్లాలి.

ఇంకొక్క మాట. విప్పాక ఆ పాత అల్లిక మళ్లీ రాదు. అది ఇప్పుడు లేని మనిషి చేతి పని అయితే ముందు ఇంట్లో అందరినీ అడగండి, ఫొటో తీసుకోండి, కావాలంటే ఒక చేతి ముక్కను అలాగే దాచుకోండి. ఆ తర్వాతే ముడి విప్పండి.