మోటారు సైకిలు వెనుక చక్రం: స్ప్రింగు పని, నూనె పని

మేము కళాశాలలో బోధించేది తెలుగు. ఛందస్సు, వ్యాకరణం చెప్పుకొనేవారికి మోటారు సైకిలుతో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చు. అయితే ఈ విషయాన్ని మాకు ఏ గ్రంథమూ నేర్పలేదు. ఒక ప్రమాదం నేర్పింది. మేము చెల్లించిన మూల్యం మీరు చెల్లించకుండా ఆ పాఠాన్ని మీకు అందించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంట పాత బుల్లెట్ ఒకటి కలదు. కొంతకాలంగా వెనుక ఎవరైనా కూర్చుంటే చాలు, గుంత పడిన ప్రతిసారీ క్రింద ఇనుముకు ఇనుము తగిలినట్లు మోత వచ్చేది. మేము తొందరపడి వెనుకనున్న రెండు షాక్‌అబ్జార్బర్ల స్ప్రింగులను చివరి మెట్టు వరకు బిగించుకొన్నాము. మోత తగ్గింది, రోగం కుదిరిందని సంతోషించాము. కొన్ని దినాల తరువాత అమ్మీజాన్‌ను వెనుక కూర్చుండబెట్టుకొని, దోర్నాల నుండి నల్లమల అడవి దారిన ఆత్మకూరుకు తిరిగివస్తున్నాము. ఒక మలుపులో మూడు నాలుగు గుంతలు వరుసగా వచ్చాయి. మొదటి గుంతలో ఎగిరిన వెనుక చక్రం, రెండవ గుంత వచ్చేసరికి ఇంకా నేలను గట్టిగా పట్టుకోలేదు. బండి వెనుక భాగం పక్కకు జారిపోయింది. వేగం తక్కువ కనుక ప్రాణాపాయం తప్పింది గాని, అమ్మీజాన్ ముంజేతి ఎముక విరిగింది. "నీ తప్పేముంది బేటా, దారి అట్లుంది" అని ఆమె మమ్మల్నే ఓదార్చారు. తప్పు దారిది కాదని మాకు తరువాత తెలిసింది.

మా ఊరి వృద్ధ మెకానిక్కు ఒకరు బండిని చూచి, ఏ పనిముట్టూ పట్టుకోకుండా సీటును రెండు చేతులతో బలంగా క్రిందికి ఒత్తి వదిలారు. బండి పైకి లేచి, మళ్ళీ దిగి, మళ్ళీ లేచి, ఉయ్యాలవలె ఊగి గాని ఆగలేదు. "సార్, స్ప్రింగుకు ఏమీ కాలేదు. లోపల నూనె పోయింది. నూనె పోతే మీరు స్ప్రింగు బిగించినారు" అన్నారు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన సారమంతా ఆ మాటలలోనే ఉంది.

తొలినాటి మోటారు సైకిళ్ళలో వెనుక చక్రానికి స్ప్రింగులు ఉండేవి కావు. చక్రపు ఇరుసు నేరుగా చట్రానికి బిగించబడి ఉండేది. స్ప్రింగులు సీటు క్రింద మాత్రమే ఉండేవి. వాటివలన నడిపేవాని నడుముకు కొంత ఉపశమనం కలిగేదే గాని, చక్రం మాత్రం ప్రతి రాతికీ ఎగిరిపడేది. ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1949లో విడుదల చేసిన బుల్లెట్‌లో వెనుక చక్రాన్ని స్వింగింగ్ ఆర్మ్ అనే కదిలే చేతికి అమర్చి, దానికి ఇరువైపులా రెండు షాక్‌అబ్జార్బర్లను నిలబెట్టారు. 1955లో మద్రాసు మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, మద్రాసు చెంత తిరువొత్తియూరులో ఈ బండ్ల తయారీ ఆరంభమైంది. ఇంగ్లండులో ఉత్పత్తి ఆగిపోయిన తరువాత కూడా ఇక్కడ కొనసాగింది. కనుకనే మన పల్లెల్లో నేటికీ ఆ అమరిక చిరపరిచితం.

ఇక ఆ అమరిక పనిచేసే తీరును చూద్దాం. స్ప్రింగు బరువును మోస్తుంది. ఎంత బలం ప్రయోగిస్తే అంత నొక్కుకొంటుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లోనే ప్రకటించాడు. అయితే స్ప్రింగుకు ఒక స్వభావం ఉంది: తాను పుచ్చుకొన్న శక్తినంతటినీ దాదాపుగా తిరిగి ఇచ్చివేస్తుంది. గుంతలో నొక్కుకొన్న స్ప్రింగు, గుంత దాటగానే బండిని పైకి తన్నుతుంది. దానిని ఆపేవారు లేకపోతే బండి ఊగుతూనే ఉంటుంది.

ఆ ఆపే పని నూనెది. షాక్‌అబ్జార్బరు లోపల ఒక గొట్టం, అందులో కదిలే పిస్టను, దానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. పిస్టను కదలాలంటే నూనె ఆ రంధ్రాల గుండా దూరిపోవాలి. కదలిక ఎంత వేగంగా ఉంటే నూనె అంతగా అడ్డుపడుతుంది. నిలకడగా ఉన్నప్పుడు అడ్డు చెప్పదు. ఆ ఒరిపిడిలో ఊపు వేడిగా మారి, గాలిలో కలిసిపోతుంది. సాధారణంగా చక్రం పైకి వచ్చేటప్పటి కంటె, స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు నూనె ఎక్కువ అడ్డు చెప్పేటట్లు కవాటాలను అమర్చుతారు. తిరుగు తన్నును అణచడమే ముఖ్యం గదా!

మా పొరపాటు ఇప్పుడు మీకు బోధపడి ఉంటుంది. స్ప్రింగును మెట్టు తిప్పి బిగిస్తే దాని గట్టిదనం పెరగదు. అది కదలడం మొదలుపెట్టే చోటు మాత్రమే మారుతుంది. ఒక సెంటీమీటరు నొక్కడానికి 20 కిలోల బరువు కావలసిన స్ప్రింగు ఉన్నదనుకొందాం. దానిని ముందే ఒక సెంటీమీటరు నొక్కి బిగిస్తే, మొదటి 20 కిలోల వరకు కదలదు. ఆపైన మళ్ళీ సెంటీమీటరుకు 20 కిలోలే. మేము బండి వెనుక భాగాన్ని పైకి లేపుకొన్నామే గాని, ఊగడాన్ని ఏమాత్రం తగ్గించలేదు. పైగా, గుంతలోకి దిగి నేలను అందుకోవడానికి చక్రానికి క్రింది వైపు ఉండవలసిన జాగాను కూడా తగ్గించుకొన్నాము.

మరమ్మతు క్రమాన్ని క్లుప్తంగా మనవి చేస్తాము. బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, చక్రం క్రింద చెక్క దిమ్మ పెట్టాలి. మొదట చక్రాన్ని రెండు చేతులతో పట్టి పక్కలకు కదిలించి చూడాలి. స్వింగ్ ఆర్మ్ కీలు వద్ద ఆట కనిపిస్తే బుష్షులు అరిగినట్లే. వాటిని మార్చకుండా షాక్‌అబ్జార్బర్లకు ఎంత ఖర్చు పెట్టినా బండి వంకర నడక పోదు. పిమ్మట షాక్‌అబ్జార్బర్లను విప్పాలి. స్ప్రింగును తీయడానికి దానిని నొక్కి పట్టే పనిముట్టు తప్పనిసరి. నొక్కుకొని ఉన్న స్ప్రింగు చేజారితే ఎముకలు విరుగుతాయి. ఇది తెలిసినవారి చేత చేయించవలసిన పని. వాయువు నింపిన రకాలను, విప్పే వీలు లేకుండా మూసివేసిన రకాలను తెరవనే కూడదు, జతగా మార్చుకోవాలి.

విప్పదగిన రకమైతే పిస్టను కడ్డీని వెలుతురులో త్రిప్పి చూడాలి. తుప్పు గుంటలు, గీతలు ఉంటే కొత్త ఆయిల్ సీలు వేసినా కొద్ది దినాలలోనే చిరిగి నూనె కారుతుంది. స్ప్రింగులు రెండింటి పొడవు సమానంగా ఉన్నదా, తయారీదారు చెప్పిన కొలతకు సరిపోతున్నదా అని చూడాలి. నూనెను అంచనాగా పోయరాదు. చెప్పిన రకాన్ని, చెప్పిన పరిమాణంలో, రెండింటికీ కొలిచి పోయాలి. చేతికందిందని ఇంజను ఆయిలు పోయడం మంచిది కాదు. పోసిన పిదప కడ్డీని నిదానంగా పైకీ క్రిందికీ ఆడించి గాలిని వెళ్ళగొట్టాలి. రెండింటినీ చేతితో నొక్కి చూస్తే ఒకే విధమైన నిరోధం తెలియాలి.

పిమ్మట బరువుకు తగినట్లు సరిచేసుకోవాలి. ఇందుకు ఒక కొలబద్ద చాలు. చక్రం గాలిలో ఉండగా, ఇరుసు నుండి నిట్టనిలువుగా సీటు క్రింద ఒక గుర్తు వరకు కొలవాలి. నడిపేవారు కూర్చున్న తరువాత మరల కొలవాలి. ఈ రెండింటి తేడా చక్రం కదలగల మొత్తం దూరంలో నాలుగవ వంతుకూ మూడవ వంతుకూ నడుమ ఉండడం మేలు. చక్రం 80 మిల్లీమీటర్లు కదలగలదనుకొంటే తేడా 20 నుండి 27 మిల్లీమీటర్లు. ఎక్కువగా దిగితే ఒక మెట్టు బిగించాలి, తక్కువైతే వదలాలి. రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి. తరచుగా వెనుక మనిషిని ఎక్కించుకొనేవారు, పాల క్యాన్లు, బట్టల మూటలు కట్టుకొని పల్లెలు తిరిగేవారు ఆ బరువుతోనే కొలుచుకోవాలి.

నూనె విషయంలోనూ మితం అవసరం. పలుచని నూనె పోస్తే ఊగడం ఆగదు. మరీ చిక్కని నూనె పోస్తే, ఒక గుంత దాటి స్ప్రింగు సాగేలోపుననే రెండవ గుంత వస్తుంది. స్ప్రింగు నానాటికీ క్రుంగినట్లు క్రుంగి, చివరకు కట్టెవలె బిగిసిపోతుంది. మన సీమ ఎండలకు నూనె మరింత పలుచనౌతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, తెలిసిన దారిలోనే నిదానంగా నడిపి, ఫలితాన్ని పుస్తకంలో వ్రాసుకొంటే ఏది దేనివలన కలిగిందో తెలుస్తుంది.

మిత్రులారా! మీలో పలువురు నందికొట్కూరు, వెలుగోడు దారుల నుండి ఇద్దరేసి ఒకే బండిపై కళాశాలకు వస్తున్నారు. వారానికి ఒకసారి సీటును ఒత్తి వదలండి. ఒక్కసారి లేచి కుదురుకొంటే మంచిది. రెండు మూడుసార్లు ఊగితే స్ప్రింగు జోలికి పోక మెకానిక్కును కలవండి. కడ్డీపై నూనె తడి కనిపించినా ఉపేక్షించకండి. కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం: కోసి చూపిన పాత షాక్‌అబ్జార్బరు ఒకటి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచి, ఏడాదికొకసారి అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేత ప్రదర్శన ఇప్పిస్తే, పుస్తకంలోని సూత్రం విద్యార్థుల ప్రాణాలను కాపాడే జ్ఞానమౌతుంది. అందుకు పెద్ద ఖర్చు కూడా కాదు.

అమ్మీజాన్ చేయి కుదిరింది. ఇప్పుడు ఆమె మళ్ళీ మా బండి ఎక్కుతున్నారు. అయితే ఎక్కే ముందు, బాగైన ఆ చేతితోనే సీటును ఒకసారి ఒత్తి చూస్తారు.