దూరపు దృశ్యములకు జూమ్ కటకము

జమ్మలమడుగు సమీపమున, గండికోటవద్ద, పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పారుచున్నది. కోట అంచున నిలిచి, ఆవలి గట్టున వ్రాలిన గద్దను సాధారణ కటకముతో ఫొటో తీసినచో నల్లని చుక్క మాత్రమే మిగులును. పెద్ద జూమ్ కటకము కొనవలెనని బుద్ధి పుట్టుట సహజము. కాని అట్టి కటకమునకు ఒక పాఠశాల ప్రకృతి సంఘము ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్మంతయు చెల్లిపోవచ్చును. కనుక దానిపై చెక్కిన అంకెల అర్థమును ముందుగా తెలిసికొనుట మేలు.

'70–300' అనగా నాభ్యంతరమును 70 మిల్లీమీటర్లనుండి 300 వరకు మార్చవచ్చునని అర్థము. ఇట్లు మారుటయే జూమ్. టెలిఫోటో అనునది వేరు. ముందు కుంభాకార కటకములను, వెనుక పుటాకార కటకములను అమర్చి, గొట్టము నాభ్యంతరముకన్న పొట్టిగా ఉండునట్లు చేసిన కూర్పు అది. స్థిరచిత్రపు కెమెరాలకు జూమ్ కటకము, 'జూమార్' అను పేరుతో, 1959లో వచ్చినది. అంగళ్లలో ఈ రెండు మాటలను కలిపివేయుటచే తికమక కలుగుచున్నది.

ఆవలి గట్టు 300 మీటర్ల దూరమున ఉన్నదనియు, గద్ద పొడవు 60 సెంటీమీటర్లనియు అనుకొందము. వస్తువు పొడవును నాభ్యంతరముచే గుణించి దూరముచే భాగించినచో ప్రతిబింబపు పొడవు వచ్చును. 300 మి.మీ. కటకముతో అది 0.6 మి.మీ. మాత్రమే! 36 మి.మీ. వెడల్పుగల సెన్సరుపై వరుసకు 6,000 బిందువులున్నచో గద్దకు దక్కునవి 100. 600 మి.మీ. కటకముతో 200. చిన్న సెన్సరు కెమెరాలో 300 కటకము '450తో సమాన'మని అమ్మువారు చెప్పుదురు. నిజమునకు ప్రతిబింబము పెరుగలేదు. చుట్టునున్న దృశ్యము కత్తిరింపబడినది. బిందువులు మరింత చిన్నవైనప్పుడే లాభము.

అయితే 600 కొనిన చాలునా? మే నెల మధ్యాహ్నమున ఆ రాళ్లు కాలి, వాటిని తాకిన గాలి వేడెక్కి పైకి లేచును. వేడిగాలికి సాంద్రత తక్కువ, వక్రీభవన గుణకమును తక్కువ. వేడి, చల్లని గాలులు కలసి కదలుచున్నచోట కాంతికిరణములు క్షణక్షణము వంగుచుండును. కటకము గద్దను పెద్దది చేసినట్లే ఈ అల్లాటమును కూడ పెద్దది చేయును. ఎంత ఖరీదైన గాజైనను దీనిని సరిదిద్దజాలదు. తెల్లవారిన వెంటనే 300తో తీసిన బొమ్మ, మధ్యాహ్నము 600తో తీసినదానికన్న స్పష్టముగా ఉండవచ్చును. మైలవరం జలాశయపు ఒడ్డునవలె ముందుకు నడువగల చోట, పక్షి బెదరనంతవరకు, దూరమును సగము చేసినచో ప్రతిబింబము రెట్టింపగును. నడుమనున్న గాలియు సగమగును. దీనికి పైసా ఖర్చు లేదు. (కోట అంచున మాత్రము ఈ ఉపాయము పనికిరాదు. కన్ను కెమెరాలోను, కాలు రాతి అంచునను ఉండుట క్షేమము కాదు.)

ప్రొద్దుటూరు దసరా ఊరేగింపులను రాత్రి తీయువారి చిక్కు వేరు. అచట దూరము కొద్దియే, కొరత వెలుతురుకు. ఇచట చూడవలసినది ఎఫ్ సంఖ్య, అనగా నాభ్యంతరమును ద్వారపు వ్యాసముచే భాగింపగా వచ్చునది. 200 మి.మీ. వద్ద ఎఫ్ 5.6 అయినచో వ్యాసము సుమారు 36 మి.మీ.; 2.8 అయినచో 71. వ్యాసము రెట్టింపైనచో వైశాల్యము నాలుగు రెట్లు, వెలుతురును నాలుగు రెట్లు. 1/50 సెకను పట్టుచోట 1/200 సరిపోవును. కుదుపును నివారించు సాధనము చేతివణుకును అదుపుచేయును గాని, నడచిపోవు జనమును నిలుపలేదు. కాని ఇట్టి కటకము వెలయు, బరువును ఎక్కువ.

పులివెందుల చీనీతోటలో తేనెపిట్టను తీయువారు ఇంకొక సంగతి అడుగవలెను: కటకము ఎంత దగ్గరి వస్తువును స్పష్టముగా చూపగలదు? 10 సెంటీమీటర్ల పిట్ట 3 మీటర్లలో వ్రాలినచో 300 కటకముతో 11 మి.మీ. ప్రతిబింబము వచ్చును. కనిష్ఠ దూరము 3.5 మీటర్లయినచో వెనుకకు జరుగవలసినదే.

కొనుటకు ముందు గోడకు ఒక వార్తాపత్రికను అంటించి, కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి, 70 వద్దను 300 వద్దను, ద్వారము పూర్తిగా తెరచి తీసి చూడవలెను. అక్షరములు నడుమను, మూలలను ఎట్లున్నవో పోల్చవలెను. పలు జూమ్ కటకములు తమ పెద్ద అంకెవద్దనే కొంత మసకబారును.