ఐదు వందల కిలోమీటర్ల పుకారు

"ఐదొందలు పోకుంటే అదేం కారన్నా?"

జనగామ ఆర్టీసీ చౌరస్తా, మహబూబాబాద్ నెహ్రూ సెంటర్, భూపాలపల్లి మంజూర్‌నగర్... ఎక్కడైనా సరే, ఎలక్ట్రిక్ కారు ప్రస్తావన వస్తే ఈ మాట పడాల్సిందే. ఒక్క ఛార్జింగ్‌తో ఐదొందలే ఎందుకు, నాలుగొందలైతే ఏమవుతుంది అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారు, బామ్మర్ది విన్నాడు, ఊరంతా నమ్మింది.

నమ్మి ఊరుకుంటే బాధ లేదు. ఈ ఒక్క అంకె రెండు రకాల ఇళ్లను దెబ్బతీస్తోంది. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగే ఉద్యోగి పది లక్షల్లో సరిపోయే కారు వదిలేసి ఇరవై లక్షల కారుకు లోన్ కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. అంత పెట్టలేని ఇంకొకాయన "మనకు ఎలక్ట్రిక్ కుదరదులే" అని మళ్లీ డీజిల్ బండే తెచ్చుకుంటున్నాడు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. పది లక్షల డీజిల్ కారు మీద ఆ పన్ను లక్ష పైమాటే. దాన్ని కట్టి మరీ, లీటరుకు తొంభై రూపాయల పైనే పోస్తూ తిరగడానికి కారణం చాయ్ హోటల్‌లో విన్న ఓ అంకె.

అపోహ: ఐదు వందల రేంజ్ లేకపోతే మన జిల్లాల్లో ఎలక్ట్రిక్ కారు పనికిరాదు

వాస్తవం కావాలంటే ముందు మన రోడ్లను చూడండి. జనగామ నుంచి హనుమకొండ సుమారు అరవై కిలోమీటర్లు. ఉప్పల్ దాకా ఎనభైకి అటూఇటూ. నగరంలో పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరినా నూట డెబ్బై, నూట ఎనభై. మహబూబాబాద్ నుంచి వరంగల్ పోయినా, ఖమ్మం పోయినా డెబ్బైకి కాస్త అటూఇటూ. రానూపోనూ నూట నలభై. భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా హనుమకొండ సుమారు డెబ్బై, కాళేశ్వరం అరవై. ఆస్పత్రి, కలెక్టరేట్, పెళ్లిళ్లు, పిల్లల కాలేజీ, ఎరువుల దుకాణం... మన తిరుగుడంతా ఈ గీతల మీదే. ఈ లెక్కలో ఐదొందలు ఎక్కడా తగలదు.

మరి ఎక్కడి నుంచి వచ్చింది? తిరుపతి నుంచి. గుచ్చి గుచ్చి అడిగితే ప్రతి ఇంట్లోనూ చర్చ అక్కడికే చేరుతుంది. "ఏడాదికోసారి కొండకు పోతాం కదా!" పోండి, ఎవరొద్దన్నారు? జనగామ నుంచి తిరుపతి ఐదొందల కిలోమీటర్ల పైచిలుకే. కాగితం మీద 550 రాసిన కారు కూడా హైవే మీద ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, గంటకు వంద వేగంతో పోతే నాలుగొందలు దాటడం కష్టం. అంటే ఇరవై లక్షలు పెట్టినా దారిలో ఆగి ఛార్జింగ్ పెట్టక తప్పదు. చిన్న బ్యాటరీ కారైతే ఇంకో రెండు మూడుసార్లు ఎక్కువ ఆగుతుంది. అది చిరాకే, కాదనను. ఆ చిరాకు వద్దనుకుంటే కృష్ణా ఎక్స్‌ప్రెస్ జనగామలోనూ ఆగుతుంది, మహబూబాబాద్‌లోనూ ఆగుతుంది. భూపాలపల్లికి రైలు లేదు కాబట్టి వాళ్లు వరంగల్ దాకా రావాలి. ఒక్క యాత్ర కోసం మిగతా మూడొందల అరవై రోజులూ అంత బ్యాటరీని మోయడం, దసరాకు దిగే చుట్టాల కోసం ఏడాది పొడవునా పది గదుల ఇంటికి అద్దె కట్టడమే.

అద్దె ఎంతో కూడా చూద్దాం. 2025లో రోడ్డెక్కిన మహీంద్రా బీఈ 6లో 59 యూనిట్ల బ్యాటరీ రకం కాగితం మీద ఐదొందలు దాటుతుంది. ఆరంభంలో షోరూమ్ ధర 18.90 లక్షలతో మొదలైంది. 24 యూనిట్ల టాటా టియాగో ఈవీ అప్పుడు అందులో సగానికి కాస్త పైన వచ్చేది. రెండూ ఒకే తరగతి కార్లు కావు. సౌకర్యంలో, పరిమాణంలో పోలికే లేదు. ఆ సౌకర్యం కోసమే కొంటే అభ్యంతరం లేదు, సంతోషంగా కొనండి. రేంజ్ భయంతో కొంటేనే నా బాధ. ఎనిమిది లక్షలు అదనంగా అప్పు చేస్తే, తొమ్మిది శాతం వడ్డీకి, ఏడేళ్లలో తీర్చేలా, నెలకు సుమారు 12,900 రూపాయలు. వడ్డీయే మొత్తం రెండు లక్షల ఎనభై వేలు. ఆ డబ్బుతో ఏటా ఇంటిల్లిపాదినీ టాక్సీలో తిరుపతి తీసుకెళ్లి, మిగిలింది హుండీలో వేసి రావొచ్చు.

అసలు ఈ పుకారు వేరు పెట్రోల్ బండి అలవాటులో ఉంది. బంక్ దగ్గర వారానికోసారి ట్యాంకు నింపి, ముల్లు కిందికి దిగాక మళ్లీ బంక్‌కు పోవడం మనకు అలవాటు. అందుకే ఒక్కసారి నింపితే ఎంత పోతుందన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునేవాడికి ఆ ప్రశ్నే అనవసరం. ఏసీకి వాడే 15 ఆంప్స్ సాకెట్ నుంచి గంటకు సుమారు మూడు యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి పదింటికి పెట్టి పొద్దున ఆరింటికి తీస్తే ఇరవై పైచిలుకు యూనిట్లు. యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్ల చొప్పున నూట నలభై, నూట యాభై కిలోమీటర్లు మీరు నిద్రపోతుండగానే వచ్చి చేరతాయి. అంటే జనగామ నుంచి రోజూ హనుమకొండకు పోయొచ్చే టీచర్‌కు కూడా పొద్దునకల్లా బండి నిండే ఉంటుంది. కాబట్టి రేంజ్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: కారు రాత్రి ఎక్కడ ఉంటుంది? సాకెట్ పక్కన ఉంటే మూడొందల కారు కూడా పెద్దదే. గల్లీలో మూడిళ్ల అవతల గోడవార ఉంటే ఐదొందల కారు కూడా నాలుగు రోజులకోసారి మీ ప్రాణం తీస్తుంది.

ఇక ఈ పుకారుకు బలమైన తోక ఒకటుంది: మేడారం జాతర. "జాతర ట్రాఫిక్‌లో ఆరు గంటలు ఇరుక్కుంటే బ్యాటరీ ఖాళీ, అడవిలో అంతే సంగతులు." రెండేళ్లకోసారి పస్రా, తాడ్వాయి దారుల్లో బండ్లు గంటల తరబడి నిలిచిపోవడం నిజమే. కానీ నిలబడిన ఎలక్ట్రిక్ కారులో మోటారు తిరగదు. ఖర్చయ్యేది ఏసీకి, లైట్లకు, స్క్రీన్‌కు. లోపల చల్లబడ్డాక ఏసీ గంటకు ఒక యూనిట్, మండుటెండలో ఒకటిన్నర తాగుతుంది. ఆరు గంటలకు ఆరు నుంచి తొమ్మిది యూనిట్లు, అంటే నలభై నుంచి అరవై కిలోమీటర్ల రేంజ్ పోతుంది. హనుమకొండలో నింపుకుని బయల్దేరినవాడు దీనికి భయపడనక్కర్లేదు. పైగా జాతర పడేది మాఘంలో. అద్దం దించుకుంటే ఆ ఏసీ కూడా అక్కర్లేదు. ఆ ఆరు గంటలూ ఇంజన్ ఆన్‌లో పెట్టుకున్న డీజిల్ బండి ఎంత తాగిందో మాత్రం ఎవరూ వాట్సాప్‌లో పెట్టరు.

అపోహ: కంపెనీ చెప్పే రేంజ్ అంతా అబద్ధం

ఇక్కడ, ఇష్టం లేకపోయినా, పుకారు పక్షాన కొంత ఒప్పుకోవాలి. అబద్ధం అనలేం గానీ, ఆ అంకెతో మీరు ఇల్లు చేరలేరు. రేంజ్ తేల్చే పరీక్షలో కారు రోడ్డు మీద కాదు, రోలర్ల మీద నడుస్తుంది. ఏసీ ఉండదు. పట్టణ భాగంలో సగటు వేగం గంటకు ఇరవై లోపే. రెండో భాగంలో కూడా వేగం తొంభై దాటదు. చాలాకాలం కంపెనీలు ఆ మొదటి భాగం అంకెనే పెద్ద అక్షరాల్లో వేసుకున్నాయి. 2024లో వచ్చిన టాటా పంచ్ ఈవీ 35 యూనిట్ల రకం సంగతే చూడండి. మొదట 421 కిలోమీటర్లు అన్నారు. రెండు భాగాలూ కలిపితే 365 అయింది. కొనేవాళ్లలో ఎక్కువమందికి నిజంగా వచ్చేది 270 నుంచి 290 అని ఆ తర్వాత కంపెనీయే చెప్పింది. ఒకే కారు, ఒకే బ్యాటరీ, మూడు అంకెలు. జనానికి అనుమానం వచ్చిందంటే తప్పు జనానిది కాదు.

అయితే ఆ అనుమానంతో ఇంకా పెద్ద అంకె వెంట పడటం మందు కాదు. షోరూమ్‌లో అడగాల్సింది: "రెండు భాగాలూ కలిపిన రేంజ్ ఎంత?" వచ్చిన జవాబులో డెబ్బై శాతం తీసుకోండి. అందులో చివరి ఇరవై శాతాన్ని ముట్టుకోవద్దు. మిగిలేది సగానికి కాస్త పైన. ఇంత లెక్క ఎందుకనుకుంటే సూత్రం సులువు: ఛార్జింగ్ దొరకని మీ పెద్ద రోజు ఎన్ని కిలోమీటర్లో చూసి, రెండింతలు చేయండి. కాగితం మీద అంత ఉంటే చాలు. ఎండ, ఏసీ, సామాను, నాలుగేళ్ల తర్వాత కొంచెం అలిసిపోయిన బ్యాటరీ అన్నీ ఇందులోనే సర్దుకుంటాయి.

మిగతావి ఒక్కొక్క మాటలో

బ్యాటరీ మూడేళ్లకే పోతుంది: చాలా కంపెనీలు ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లకు వారంటీ ఇస్తున్నాయి. మూడేళ్లకు పోయేదైతే ఆ కాగితం రాసివ్వరు.

ఎండకు పేలిపోతుంది: 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయిన మాట నిజం. ఆ ఏడాది డిసెంబర్ నుంచి బ్యాటరీ భద్రతా పరీక్షలను కేంద్రం బిగించింది. స్కూటర్ సంగతి చెప్పి కారును తిట్టడం మాత్రం ఆగలేదు.

వానలో షాక్ కొడుతుంది: కొట్టదు. బ్యాటరీ పెట్టెలోకి నీళ్లు దిగకుండా మూసి ఉంటుంది. అలాగని కారుకు ఈత వచ్చని కాదు. 2023 జూలైలో మోరంచవాగు, 2024 సెప్టెంబర్‌లో ఆకేరు ఏం చేశాయో చూశాక కూడా పొంగే వాగులో బండి దింపేవాడికి పెట్రోలైనా, కరెంటైనా ఒకటే.

బొగ్గు కాల్చి కరెంటు తీసి కారు నడపడం దండగ: చెల్పూరు కేటీపీపీ థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లను చూపించి చెప్పే మాట ఇది. పెట్రోల్ ఇంజన్ తన ఇంధనంలో ఎక్కువ భాగాన్ని వేడిగా పారబోస్తుంది కాబట్టి బొగ్గు కరెంటుతో కూడా లెక్క కొంత ఎలక్ట్రిక్ వైపే మొగ్గుతుంది. అదే కరెంటుతో ఇంట్లో రెండు ఏసీలు నడిపేటప్పుడు గుర్తురాని పర్యావరణం కారు దగ్గరే ఎందుకు గుర్తొస్తుందో!

మరి ఎంత కొనాలి?

జనగామవాళ్లకు పెద్ద రోజు హైదరాబాద్. నూట డెబ్బై కాబట్టి కాగితం మీద 340 ఉంటే ఎక్కడా ఆగకుండా పోయిరావొచ్చు. 280, 300 కారైనా పర్వాలేదు. 163వ జాతీయ రహదారి మీద, నగరంలో ఛార్జర్లు ఉన్నాయి. భోజనం చేసే సమయంలో కొంత ఎక్కించుకుంటే సరిపోతుంది. రోజూ హనుమకొండ వరకే అయితే అంతకు మించి ఒక్క రూపాయి పెట్టకండి.

మహబూబాబాద్‌వాళ్లకు వరంగల్, ఖమ్మం తిరుగుడుకు 280, 300 చాలు. నెలకు రెండు మూడుసార్లు హైదరాబాద్ పోయేవాళ్లు, ఒకవైపే రెండు వందలు కాబట్టి, నాలుగొందల దగ్గర చూసుకోండి.

భూపాలపల్లివాళ్లు మాత్రం కాస్త ఎక్కువే కొనాలి. హనుమకొండ దాటి తూర్పుకు పోయినకొద్దీ ఫాస్ట్ ఛార్జర్లు పలచబడతాయి. మహదేవ్‌పూర్, కాటారం, ఏటూరునాగారం వైపు పనులుంటే ఇంటి సాకెట్ మీదే ఆధారపడాలి. ఒక్క ఛార్జింగ్‌తో హైదరాబాద్ చేరాలంటే సుమారు 215 కిలోమీటర్లు, రెండింతలు చేస్తే 430. మూడు జిల్లాల్లోనూ అత్యధికంగా కావాల్సింది ఇదే. అదీ ఐదొందలు కాలేదు.

రేంజ్‌లో మిగిలిన డబ్బులో కొంచెం ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో చాలా ఛార్జర్లు మొండికేస్తాయి. కారు చెడిపోయిందని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసేవాళ్లలో కొందరి రోగం గోడలోనే ఉంటుంది. కారు బుక్ చేయకముందే ఎర్తింగ్, వైరింగ్, ఎంసీబీ చూపించుకోండి. సాయంత్రం లోవోల్టేజ్ ఉండే ఊరైతే పది దాటాకే ఛార్జింగ్ పెట్టండి. ఇంకో సంగతి: గృహజ్యోతి జీరో బిల్లు తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకే, అదీ నెలకు రెండు వందల యూనిట్ల దాకానే. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు ఒక్కటే నూట యాభై యూనిట్లు లాగుతుంది. కారున్న ఇంట్లో తెల్ల రేషన్ కార్డు ఎలా ఉందన్నది వేరే చర్చ. ఉంటే మాత్రం, ఇంటి వాడకం కూడా కలిసి రెండు వందలు దాటితే ఆ జీరో పోతుంది. విద్యుత్ సంస్థ దగ్గర ఈవీ ఛార్జింగ్‌కు విడిగా కేటగిరీ ఉంది, దానికి విడి మీటర్ తీసుకుంటే ఎంత పడుతుందో అడిగి తెలుసుకోండి.

ఇంటి దగ్గర సాకెట్ పెట్టుకునే దారి లేనివాళ్లు ఇప్పటికి ఆగండి. బయటి ఫాస్ట్ ఛార్జర్ యూనిట్ ధర ఇంటి కరెంటుకు రెండు మూడింతలు. దాని మీదే బతకాలంటే పొదుపూ ఉండదు, మనశ్శాంతీ ఉండదు. వారానికి మూడు నాలుగుసార్లు హైదరాబాద్‌కు కిరాయి కొట్టే టాక్సీవాళ్లు కూడా తొందరపడొద్దు. మిగతావాళ్లు ఒక నెలపాటు రోజూ మీటర్ రీడింగ్ రాసుకోండి. నెలాఖరున పెద్ద అంకెను రెండింతలు చేసి, ఆ కాగితం జేబులో పెట్టుకుని షోరూమ్‌కు వెళ్లండి. సేల్స్ కుర్రాడు అంతకంటే పెద్ద బ్యాటరీ చూపిస్తే ఆ కాగితం అతని చేతిలో పెట్టండి. బామ్మర్ది చూపిస్తే నెలకు పన్నెండు వేల తొమ్మిది వందలు ఆయన్నే కట్టమనండి.