లేకర్స్ పిలిచినా హర్లీ ఎందుకు వెళ్లలేదు?

‘ఏడు కోట్ల డాలర్లు కాదన్నాడంటే వాడికి బుర్ర పనిచేస్తోందా?’ 2024 జూన్‌లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ డాన్ హర్లీ, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని లాస్ ఏంజిలెస్ లేకర్స్ పిలుపును తోసిపుచ్చినప్పటి నుంచీ ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. కాలేజీ కోచ్ అంటే మన పీఈటీ మాస్టారని, ఎన్‌బీఏ అంటే ఆయనకు ప్రమోషన్ అని అడిగేవాళ్ల లెక్క. ఆ లెక్కే తప్పు.

హర్లీ అప్పటికి కనెటికట్ యూనివర్సిటీకి 2023, 2024లో వరసగా రెండు జాతీయ టైటిళ్లు తెచ్చాడు. లేకర్స్ ఆరేళ్లకు సుమారు 7 కోట్ల డాలర్లు ఇస్తామన్నట్టు వార్తలొచ్చాయి. అంటే ఏడాదికి కోటి పైచిలుకు. అదే జట్టులో స్టార్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ ఏడాది జీతం అప్పట్లో నాలుగున్నర కోట్ల పైమాటే. తనకంటే నాలుగు రెట్లు తీసుకునే మనిషిని ‘ఇక నువ్వు బెంచీ మీద కూర్చో’ అనగలగాలి కోచ్!

ఎన్‌బీఏ కోచ్‌ది అచ్చంగా ఇల్లరికపు అల్లుడి బతుకు. పట్టుబట్టలు పెడతారు, పీటేసి వడ్డిస్తారు. ఇనప్పెట్టె తాళాలు మాత్రం అత్తగారి బొడ్లోనే. ఆ అత్తగారే జనరల్ మేనేజర్. ఎవరిని కొనాలో, ఎవరిని పంపించాలో చివరి మాట ఆవిడదే. స్టార్ ఆటగాడు గారాల బావమరిది, అతను అలిగితే అన్నం మానేయాల్సింది అల్లుడే. మామగారైన ఓనరుకు కోపమొస్తే సంచీ సర్దుకోవాల్సిందీ అల్లుడే. 2020లో లేకర్స్‌కు టైటిల్ తెచ్చిన ఫ్రాంక్ వోగెల్‌ను 2022లో ఇంటికి పంపేశారు. కాలేజీలో కథ వేరు. కోచే ఊళ్లు తిరిగి, ఇళ్లలో తల్లిదండ్రుల ఎదుట కూర్చుని కుర్రాళ్లను ఎంచుకుంటాడు. ఆ ఇల్లు ఆయనది.

అన్నట్టు, హర్లీకి మూఢనమ్మకాలు బాగా ఎక్కువ. టోర్నమెంట్ నడుస్తున్నన్నాళ్లూ డ్రాగన్ బొమ్మలున్న అదృష్ట లోదుస్తులు వదలడు. 2024 టైటిల్‌కు కారణం అవి కావు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆ ఏడాది హర్లీ శిష్యులు స్టెఫన్ కాసిల్ నాలుగో స్థానంలో, డోనొవన్ క్లింగన్ ఏడో స్థానంలో ఎంపికయ్యారు. అలాంటి కుర్రాళ్లను ఏరుకోగలగడమే అసలు కారణం.

కాలేజీ వదిలి ఎన్‌బీఏకు వెళ్లి చూసినవాళ్లు లేకపోలేదు. 1996లో కెంటకీ యూనివర్సిటీకి జాతీయ టైటిల్ తెచ్చిన రిక్ పిటినో మరుసటి ఏడాది బోస్టన్ సెల్టిక్స్‌కు వెళ్లాడు. 102 గెలుపులు, 146 ఓటములు మూటగట్టుకుని 2001 జనవరిలో తప్పుకున్నాడు.

‘స్టార్లను అదుపు చేయలేకే వెళ్లరు’ అనేవాళ్లకు డ్యూక్ యూనివర్సిటీ కోచ్‌గా పనిచేసిన మైక్ షషెఫ్‌స్కీ జవాబు. 2004లో లేకర్స్ పిలిచినా డ్యూక్‌లోనే ఉండిపోయాడు. అదే మనిషి ఎన్‌బీఏ మహామహులను వెంటేసుకుని 2008, 2012, 2016 ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణాలు తెచ్చాడు. చేతకాక కాదు, అక్కర్లేక వెళ్లలేదు.

కాలేజీ సుఖమూ ఇప్పుడు మునుపటిలా లేదు. 2021 నుంచి ఆటగాళ్లు ప్రకటనలతో డబ్బు సంపాదించుకోవచ్చు, నచ్చకపోతే మరో కాలేజీకి మారిపోతున్నారు. అయినా లేకర్స్‌ను కాదన్న నెల తిరక్కుండానే హర్లీ చేతిలో కనెటికట్ పెట్టిన కొత్త ఒప్పందం ఆరేళ్లకు 5 కోట్ల డాలర్లు. కాలేజీల ఎన్‌సీఏఏ టైటిల్, ఎన్‌బీఏ టైటిల్ రెండూ గెలిచిన కోచ్ మాత్రం ఇప్పటిదాకా ఒక్కడే: 1988లో కాన్సస్‌తో, 2004లో డెట్రాయిట్‌తో గెలిచిన లారీ బ్రౌన్.