పెండ్లి ఫొటోలలో వధువు ముఖకాంతి

వివాహ ముహూర్తం నిశ్చయమైన నాటినుండి ఇంట్లో నగలు, చీరలు, వంటల ఏర్పాట్లతోబాటు మరొక చింత కూడా మొదలవుతుంది. "అమ్మాయి ఫొటోలలో తెల్లగా పడాలండీ, ఏదైనా లేపనం చెప్పండి" అని తల్లులు నన్ను అడుగుతుంటారు. ఆల్బము తరతరాలు నిలిచే వస్తువు గనుక ఆ కోరికలో దోషమేమీ లేదు. కాని ఫొటోకు కావలసినది తెలుపు కాదు. చర్మం అంతటా ఒకే వన్నెతో, పొడిబారక, మంట లేక ప్రశాంతంగా ఉండటం.

తెల్లని పూతను కెమెరా ఏమి చేస్తుందో చూడండి. అనేక ఫేస్ పౌడర్లలో, ఎండనుండి రక్షించే క్రీములలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని ఖనిజ చూర్ణాలు ఉంటాయి. ఫ్లాష్ వెలుగును అవి తిప్పికొడతాయి. అద్దంలో చక్కగా కనిపించిన ముఖం ఫొటోలో విభూతి పూసినట్లు తేలుతుంది. మెడ, చెవులు, చేతులు మాత్రం వాటి రంగులోనే ఉండిపోతాయి. కనుక ఫౌండేషన్ రంగును చేతి మీద కాక దవడ అంచున, పగటి వెలుగులో సరిచూసుకోవలెను. మెడతో కలిసిపోయి పూత జాడ తెలియకపోతే అదే తగిన రంగు. పెండ్లికి కొన్నాళ్ల ముందు అదే అలంకారం చేయించి, చీకటి గదిలో ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూస్తే సందేహం తీరిపోతుంది. ఈ రోజుల్లో చేతిలోని ఫోనే ఆ పని చేస్తుంది.

తెలుపు మీది వ్యామోహం పౌడరుతో ఆగిపోతే నేను ఈ వ్యాసం వ్రాయవలసిన పని లేదు. ఒక తల్లి తన కుమార్తెను పెండ్లి మూడు వారాలుందనగా నా వద్దకు తీసుకువచ్చింది. ఆ అమ్మాయి బుగ్గలు ఎర్రగా కంది, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తున్నవి. గడ్డం మీద చిన్న చిన్న పొక్కులు. పొయ్యి దగ్గర నిలబడితే మంట. "ఏమి రాశావమ్మా?" అని అడిగితే, "మందుల షాపులో క్రీము ఇచ్చారండీ. మొదటి పది రోజులు ఎంత బాగా తెల్లబడ్డానో!" అన్నది. ట్యూబు మీద చూస్తే క్లోబెటసాల్ అనే తీవ్రమైన స్టెరాయిడ్. ఇటువంటి మందు మొదట్లో మెరుగు చూపిస్తుంది; నెలల తరబడి రాస్తే చర్మాన్ని పలుచన చేస్తుంది. హఠాత్తుగా మానితే మంట, ఎరుపు రెట్టింపవుతాయి. అందుచేత నేను లేపనమేదీ ఇవ్వక, ముందుగా చర్మవ్యాధుల డాక్టరు వద్దకు పంపాను. ఆయన క్రమంగా మాన్పించారు. ముహూర్తం నాటికి మంట తగ్గింది, ఎరుపు పూర్తిగా పోలేదు.

స్టెరాయిడ్ కలిసిన అనేక పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో ఆదేశించింది. అయినా అడిగినవారికి దొరుకుతూనే ఉన్నవి. వీటికంటె ప్రమాదకరమైనవి పాదరసం కలిసిన తెల్లబరచే క్రీములు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇటువంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల వ్యాధి బయటపడింది. పాదరసం ఎంతటి విషమో రసశాస్త్రం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. తయారుచేసినవారి చిరునామా, కలిపిన ద్రవ్యాల పట్టిక లేని డబ్బాను, ఎవరు బహుమతిగా ఇచ్చినా సరే, ముఖానికి తాకించరాదు.

ఇంటి వైద్యం పేరిట జరిగే అపచారాలు కూడా కొన్ని ఉన్నవి. నిమ్మరసం ముఖానికి రుద్దుకొని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లని మచ్చలు పడతాయి. వంటసోడా, టూత్‌పేస్టు పూతలు ఏ శాస్త్రంలోనూ లేవు.

ముఖలేపనాన్ని గురించి వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో చెప్పిన నియమాలు నేటికీ శిరోధార్యాలు. లేపనం పూర్తిగా ఎండేవరకు ఉంచరాదు. ఎండినది కాంతిని చెడగొడుతుంది. తడిపి మెత్తబరచి తీయవలెను, తరువాత కొద్దిగా తైలం రాయవలెను. జలుబు, అజీర్ణం ఉన్నవారికి, రాత్రి మేల్కొన్నవారికి లేపనం పనికిరాదు. పెండ్లి ఇంట నిద్ర ఎవరికి దక్కుతుంది? అందుకే లేపనాల పని నెల ముందు ఆరంభించి, నాలుగు రోజుల ముందే ముగించమంటాను. సానమీద అరగదీసిన మంచిగంధం, అతిమధురం పొడి, మెత్తని పెసరపిండి పాలతో కలిపి వారానికి రెండుసార్లు పట్టిస్తే చాలు. ముందుగా మోచేతి లోపలి వైపున రాసి ఒక రోజు చూడటం మరువరాదు. చివరి వారంలో ఏ కొత్త వస్తువూ వద్దు.

నలుగు మన ఆచారం, మానవలసిన పని లేదు. అయితే ముహూర్తం రోజున ముఖానికి దట్టంగా పసుపు పట్టిస్తే ఆ వన్నె పూత కిందనుండి తొంగిచూసి ఫొటోలో పచ్చగా పడుతుంది. ఆనాడు ముఖానికి పెసరపిండితో సరిపెట్టి, పసుపును పాదాలకు, చేతులకు రాస్తే ఆచారమూ దక్కుతుంది.

మన పెండ్లి తంతులో ప్రతి ఘట్టమూ అలంకారానికి ఒక పరీక్షే. జీలకర్రబెల్లం తలమీద ఉంచినపుడు ఆ తడి నుదుటి మీదికి జారుతుంది. పక్కన కూర్చున్నవారు మెత్తని నూలుగుడ్డతో అద్దవలెనే గాని తుడవరాదు. జిడ్డుగా ఉన్న ముఖానికి తలంబ్రాల పసుపు అంటుకుంటుంది గనుక అంతకుముందే చెమట అద్ది, పలుచగా ఒక్కసారి పౌడరు వేయించండి. పొరమీద పొర వేస్తే ముక్కు పక్కన బీటలు తీస్తుంది. హోమధూమానికి కన్నీరు వస్తుంది. కనురెప్ప లోపలి అంచున కాటుక దట్టంగా తీర్చితే బుగ్గలమీదికి కారి బుగ్గచుక్కతో కలుస్తుంది. పైరెప్ప వెంట్రుకల మొదట సన్నగా తీర్చినది నిలుస్తుంది.

మధుపర్కాల వేళ మరొక చిక్కు. తెల్లని నూలుబట్ట వెలుగును ఎక్కువగా తిప్పికొట్టడంచేత కెమెరా తనంతట తాను వెలుగు తగ్గించుకుంటుంది. ముఖం చామనగా పడుతుంది. అది వధువు లోపం కాదు. వెంటనే పౌడరు డబ్బా తెరిచే బదులు, వెలుగును బట్టకు కాక ముఖానికి సరిచేసుకోమని ఫొటోగ్రాఫరుకు చెప్పండి.

ఉపవాసం పేరిట నీరు సైతం మాన్పించడం యుక్తం కాదు. పెదవులు ఎండి, కళ్లు గుంటలు పడిన తరువాత ఏ రంగూ వాటిని కప్పలేదు. పెద్దలు అనుమతించిన పాలో, కొబ్బరినీళ్లో గంటకోసారి గుక్కెడు పట్టించండి. ముందు రాత్రి పెదవులకు నేయి రాసి పడుకుంటే రంగు సమంగా అంటుతుంది.

అప్పగింతలు అయ్యేసరికి ఏ వేళ అయినా, అలంకారంతోనే నిద్రపోనివ్వకండి. కొబ్బరినూనె గాని నువ్వులనూనె గాని దూదితో అద్ది పూతను కరిగించి తీయండి. తరువాత పెసరపిండి, గోరువెచ్చని నీరు. రాత్రంతా మేల్కొన్న ముఖానికి ఆనాడు మరే లేపనమూ వద్దు. ముందు ఆ పిల్లను నిద్రపోనివ్వండి.