కామరూప మరబొమ్మలు

కోరిన రూపం ధరింపగల వారిని మన కావ్యాలు కామరూపులని వ్యవహరించాయి. ఆటబొమ్మలలోనూ అటువంటి కామరూపులున్నాయి. జపానుకు చెందిన టకారా సంస్థ రూపొందించిన ‘డయాక్లోన్’ మొదలైన మరబొమ్మలను అమెరికాలోని హాస్‌బ్రో సంస్థ 1984లో ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ అనే పేరుతో విక్రయింపసాగింది. మరుసటి సంవత్సరం వాటిలో గ్రిమ్‌లాక్ మొదలైన ఐదు రాక్షసబల్లులు చేరాయి. వాటి మేను యంత్రంలాగే కనిపించేది. 1996లో వెలువడిన ‘బీస్ట్ వార్స్’ బొమ్మలు ఈ పద్ధతిని మార్చాయి. గొరిల్లా మేనిపై వెంట్రుకలను సైతం చెక్కి, లోపలి మరమనిషిని మరుగుపరచారు. బంతివంటి కీళ్ళు అమర్చడంతో కాళ్ళు, చేతులు నానావిధాలుగా తిరిగాయి.

నేడు వీటిని సేకరించేవారికి ఆ కీళ్ళ దగ్గరే చిక్కు. పెట్టె, కత్తి, సూచనల కాగితం దొరికినంత మాత్రాన చాలదు. బొమ్మ రూపం మారాలి. తెల్లని ప్లాస్టిక్ వెలుతురుకు పసుపుబారితే సరిపెట్టుకోవచ్చు. కాని, బంగారు వన్నె కోసం మెరుపుపొడి కలిపిన కొన్ని రకాల ప్లాస్టిక్ ఏండ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి, మెల్లగా తిప్పినా విరిగిపోతుంది. పెట్టె విప్పని బొమ్మకు సైతం ఈ గతి తప్పదు. మాయలేడి బంగారు మేను గుర్తుకు రాక మానదు! అందువల్ల పలువురు అటువంటి బొమ్మను కదపక ఒకే రూపంలో ఉంచుతారు. తిప్పని బొమ్మ సగం బొమ్మే అని నా అభిప్రాయం. సేకర్తలకూ ఇది తెలియనిది కాదు. స్తోమత కలవారు ఒకే రకపు బొమ్మలు రెండు కొని, ఒకదానిని మృగంగా, మరొకదానిని మరమనిషిగా అద్దాల బీరువాలో పక్కపక్కన నిలుపుతారు.